నంబరు లేని తుపాకి

ఆ తుపాకిని నేను చెయ్యగలను. ఈ మాట ముందే చెప్పెయ్యాలి. ఎందుకంటే ఆ తరవాత నా గురించి చాలా మాటలు నడిచాయి. భయపడిందన్నారు. ఆడది కదా, వెనకాడిందన్నారు. ఆ పని చేతకాక వంక పెట్టిందని మా బాసే ఎవరితోనో అన్నాడట. చేతకాక కాదు. డ్రాయింగులు నా ముందు పెట్టిన పావుగంటలో ఏ ముక్కని ఏ మెషీన్ మీద, ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో నాకు తెలిసిపోయింది. చెయ్యగలిగి కూడా చెయ్యనన్నాను.

అప్పుడు నేను పనిచేసేది ఒక చిన్న ప్రెసిషన్ వర్క్‌షాపులో. జురాంగ్ వెస్ట్‌లో మా ఫ్లాట్ నుంచి బస్సులో ఇరవై నిమిషాల దూరం. మొత్తం పదకొండు మందిమి. పంపులకీ, ప్యాకింగ్ మెషీన్లకీ, ఓడల విడిభాగాలకీ కావలసిన ముక్కల్ని స్టీలులోంచి, ఇత్తడిలోంచి కోసి ఇవ్వడం మా పని. వచ్చిన డ్రాయింగు చూసి, మెషీను ఎక్కడ ఎంత కొయ్యాలో కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాసేది నేను. దాన్ని మెషీను మీద నడిపించేది మా ఫోర్‌మన్ అంకుల్.

అంకుల్ ఇక్కడే పుట్టినవాడు. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి సరిహద్దు అవతల జొహోర్‌లో రబ్బరు తోటలకి వచ్చాడట. అంకుల్ మాట్లాడే తెలుగులో సగం అరవం, పావు మలయ్ ఉంటాయి. కాని మధ్యలో ఉన్నట్టుండి మా నానమ్మ వాడిన మాట ఒకటి దొర్లుతుంది. నేను చేరిన కొత్తలో ఆ మాటల కోసమే ఆయన పక్కన కూర్చుని తినేదాన్ని. అరవై దాటిన మనిషి. లేత్ మెషీను చప్పుడు విని టూలు అరిగిందో లేదో చెప్పగలడు. అలాంటివాళ్ళని నేను ఇద్దరినే చూశాను. రెండోవారు మా నాన్న.

మా నాన్న విజయనగరంలో ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసులకి ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. అంటే పోలీసుల తుపాకులు బాగుచేసే మనిషి. సెలవుల్లో మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్ళే పని నాది. అమ్మకి ఇష్టం లేకపోయినా వెంటనే వచ్చేసేదాన్ని కాదు. బల్ల మీద పాత గోనెగుడ్డ పరిచి, దాని మీద ఒక రైఫిల్‌ని ముక్కలు ముక్కలుగా విప్పి పెట్టేవాడు నాన్న. గొట్టం లోపలికి వెలుతురు పడేలా పట్టుకుని, మెలి తిరిగిన గాళ్ళు చూపించేవాడు. మైక్రోమీటర్ పట్టుకోవడం నాకు అక్కడే వచ్చింది. డిప్లొమాలో మెకానికల్ తీసుకుంటానన్నప్పుడు, ఆడపిల్లకి ఎలక్ట్రానిక్స్ మేలని ప్రిన్సిపాలు గారు నచ్చజెప్పబోయారు. నాకు మెకానికలే కావాలని రెండు రోజులు ఆయన గది బయట బెంచీ మీద కూర్చున్నాను. మూడో రోజు సంతకం పెట్టారు. క్లాసులో నేనొక్కదాన్నే అమ్మాయిని.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒక సోమవారం పొద్దున బాస్ నా టేబుల్ మీద మూడు డ్రాయింగులు పెట్టి, "హైడ్రాలిక్ పంప్ పార్ట్స్. కొత్త కస్టమర్. తొందర," అని వెళ్ళిపోయినప్పుడు ఆయనకి ఈ సంగతి తెలీదు.

మొదటి డ్రాయింగు చూసి నాకేమీ అనిపించలేదు. దాని ప్రకారం కంప్యూటర్‌లో బొమ్మ గీసి, లోపలి రంధ్రం ఎలా ఉందో చూడడానికి నిలువుగా రెండుగా చీల్చాను. తెర మీద తూటా కనిపించింది. తూటా లేదు, అది కూర్చునే ఖాళీ ఉంది. వెనక వెడల్పు, కొంచెం ముందుకి భుజంలా వంపు, ఆ పైన సన్నని మెడ. పంపులో నూనె నడిచే దారికి ఆ ఆకారం అక్కర్లేదు. నాన్న బల్ల మీద నేను చూసిన ఏ రైఫిల్‌కీ అంత లావు తూటా లేదు. నా బొటనవేలు అందులో పట్టేస్తుంది.

మిగతా రెండు డ్రాయింగులు గబగబా తెరిచాను. ఒకటి వెనక మూసే దిమ్మ. ఇంకొకటి, పేలిన ప్రతిసారీ దానంతటదే వెనక్కి జరిగి తరవాతి తూటాని అందుకునే అమరిక. ఎవరో పెద్ద జంతువుని కొట్టడానికి, ఒకదాని తరవాత ఒకటి దానంతటదే నిండే రైఫిల్‌ని సొంతంగా గీసుకున్నారు. ముక్కలు విడగొట్టి, ఒక్కో షాపుకి కొన్ని ఇచ్చి చేయిస్తున్నారు.

నిజం రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. ఆ డ్రాయింగు చాలా బాగుంది. గీసినవాడికి పని తెలుసు. ఎక్కడా ఒక గీత ఎక్కువ లేదు. ఎన్నేళ్ళుగానో బోల్టులూ బుష్‌లూ ప్రోగ్రాం చేస్తున్న నాకు, చాలా కాలం తరవాత చెయ్యి దురద పుట్టింది. ఓ ఐదు నిమిషాలు నేను ఏ దేశంలో ఉన్నానో మరిచిపోయి, ఆ ముక్కని ఎలా బిగించాలా అని ఆలోచించాను.

తరవాత గుర్తొచ్చింది. ఈ దేశంలో అనుమతి లేకుండా ఒక్క తూటా జేబులో ఉన్నా జైలే. తుపాకి తయారుచెయ్యడమంటే మాటలు కాదు.

ప్రింటు తీసుకుని అంకుల్ దగ్గరికి వెళ్ళాను.

"అంకుల్, ఇది పంపు కాదు."

ఆయన కాగితం వైపు చూడలేదు. మెషీను వైపే చూస్తూ, "నీ పని నువ్వు చూసుకో మా. డోంట్ బిజీబాడీ. బాస్ పంపంటే పంపే," అన్నాడు.

ఆయన చూడకపోవడంతోనే నాకు అర్థమైంది. తెలీని మనిషైతే కాగితం తీసుకుని చూసేవాడు.

మధ్యాహ్నం కింద క్యాంటీన్‌లో ఆయన ఎదురుగా కూర్చుని నేనేమీ అడగలేదు. తింటున్నవాడు చెంచా కింద పెట్టి ఆయనే చెప్పాడు.

"నేషనల్ సర్వీస్‌లో, ఆర్మీలో, నాకు ఏం పని ఇచ్చినారో తెలుసా నీకు? రైఫిల్ రిపేరు. రెండున్నర ఏండ్లు. నాకు తెలీదనుకున్నావా?"

"మరి?"

"పోయిన వారం ఒక శాంపిల్ కావాలన్నాడు బాస్. చిన్న ముక్క. నేనే లేత్ మీద చేసి ఇచ్చేసినాను. అయిపోయింది. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే ఎవురు పోతారు? నేను పోతాను."

అప్పటిదాకా అది నాకూ బాస్‌కీ మధ్య విషయం అనుకున్నాను.

సాయంత్రం బస్సు దిగి, మా ఫ్లాట్ ఉన్న బ్లాకు కింద బెంచీ మీద కూర్చుని నాన్నకి ఫోను చేశాను. డ్రాయింగు పంపలేదు, మాటల్లోనే చెప్పాను. ఆయన అడ్డు రాకుండా అంతా విన్నాడు.

"అంత లావు తూటా అంటే ఏ అడవిదున్నకో ఏనుగుకో," అన్నాడు. "అది సరే గాని, నంబరు ఎక్కడ కొట్టాలని రాశారు?"

"ఎక్కడా లేదు నాన్నా."

"చూశావా సరిగ్గా? మూడిట్లోనూ?"

"చూశాను. లేదు."

నాన్న చేతిలోంచి వెళ్ళిన ప్రతి రైఫిల్‌కీ నంబరు ఉండేది. గొట్టానికి వేరే, వెనక దిమ్మకి వేరే. నంబరు అరిగిపోయి కనబడకపోతే, పై అధికారి వచ్చేదాకా దాన్ని ముట్టుకునేవాడు కాదు. ఒకసారి ఒక పెద్ద మనిషి, తన వేట తుపాకికి నంబరు రుద్దించేసి, బాగుచెయ్యమని ఇంటికి పంపించాడు. నాన్న దాన్ని గుమ్మం లోపలికి రానివ్వలేదు. ఆ తరవాత ఆయన్ని ఏడాది పాటు దూరంగా ఒక క్యాంపుకి బదిలీ చేశారు. కారణం ఎవరూ చెప్పలేదు.

"నువ్వేటి చేద్దామనుకుంటున్నావమ్మా?" అన్నాడు.

"చెయ్యను నాన్నా."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?" అన్నాడు. ఆ వెంటనే మా ఆయన ఉద్యోగం సంగతి ఏమైందని అడిగాడు.

అదీ అసలు ఇబ్బంది. మా ఆయన ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో ఉండేవాడు. ప్రాజెక్టు ఎత్తేసి అప్పటికి మూడు నెలలు. నా వర్క్ పాస్ మీదే ఇప్పుడు ఆయనా, సెకండరీ స్కూల్లో చదివే మా అమ్మాయీ ఇక్కడ ఉంటున్నారు. నా ఉద్యోగం పోతే ముగ్గురం నెల రోజుల్లో సామాను సర్దుకోవాలి.

ఆయన నాకు డిప్లొమాలో క్లాస్‌మేట్. నా మొండితనం కొత్త కాదు. అయినా ఆ సాయంత్రం మెత్తగా అడిగాడు.

"రెండు వారాలాగవే. నాకు ఇంటర్వ్యూ ఉంది కదా. అది తేలనీ. అంతవరకు ఆ ప్రోగ్రాం రాస్తూనే ఉన్నానని చెప్పు. జాప్యం చెయ్యి."

"రాస్తున్నానని చెప్పడం కూడా అబద్ధమే కదా."

"అబద్ధానికీ రోడ్డున పడడానికీ తేడా లేదా?"

"ఉంది. రోడ్డున పడితే లేచి వస్తాం. అది చేసి పట్టుబడితే నువ్వు నన్ను జైలుకొచ్చి చూడాలి."

టేబుల్ దగ్గర హోంవర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తకుండానే, "మమ్మీ, జస్ట్ టెల్ దెమ్ నో లా," అంది. దానికి అది అంత చిన్న విషయం.

మర్నాడు పొద్దున బాస్ గదిలోకి వెళ్ళి చెప్పాను. ఇవి తుపాకి భాగాలు, నేను చెయ్యను, మన షాపులో ఎవరూ చెయ్యకూడదు అని. బాస్ చెడ్డవాడు కాదు. మా అమ్మాయికి డెంగీ వచ్చినప్పుడు తనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి. కాని ఆ ఏడాది ఆర్డర్లు లేవు. అలాంటప్పుడు మనిషి కొన్ని డ్రాయింగుల్ని పరీక్షగా చూడడు. ముందు నవ్వాడు. తరవాత ముఖం ఎర్రబడింది. తలుపు వేసి కస్టమర్‌కి ఫోను చేశాడు. గంటలో ఆ కస్టమర్ వచ్చాడు.

గట్టిగా అరిచేవాడు, బెదిరించేవాడు వస్తాడనుకున్నాను. వచ్చినాయన యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, మెల్లని గొంతు. నన్ను చూసి చెయ్యి కలిపాడు. ఇంగ్లీషులోనే నాతో మాట్లాడాడు.

"ఇది మీరే కనిపెట్టారట. ఇంకో ఇద్దరు ఇంజినీర్లకి చూపించాను, వాళ్ళకి తెలీలేదు. మీకు ఈ పని ఎక్కడ వచ్చింది?"

"మా నాన్న దగ్గర," అన్నాను.

ఆయన కళ్ళల్లో నిజంగానే సంతోషం కనబడింది. కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టాడు. ఏటా ఆఫ్రికా వెళ్తాడట. అక్కడ వేటకి ఆయనకి అనుమతి ఉందట. ఒకసారి దెబ్బ తిన్న దున్న గడ్డిలోంచి తిరిగి మీదికొచ్చిందట. రెండో తూటా చేత్తో లాగి నింపుకునే లోపల పక్కనున్న దారి చూపే మనిషి కాలు విరిగిందట. అందుకని దానంతటదే నిండే పెద్ద తుపాకి కావాలని నాలుగేళ్ళు కూర్చుని గీశాడట. కొనుక్కునేవాటిలో తనకి నచ్చింది లేదట.

"మీలాంటివాళ్ళ చేతిలో పడితేనే ఇది తుపాకి అవుతుంది," అన్నాడు. "మీరు నాతో కలిసి చెయ్యండి. ఎవరికీ హాని లేదు. ఇక్కడ ఒక్క తూటా కూడా పేలదు."

పొగడ్త నాకు చేదు కాదు. ఇన్నేళ్ళలో నా పని చూసి, ఇది నీకెలా వచ్చిందని అడిగినవాడు ఆయనొక్కడే. ఆ మాట నాకు తగిలింది. తగిలినందుకే ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది.

"అక్కడ అనుమతి ఉంటే అక్కడే చేయించుకోండి," అన్నాను.

"అక్కడ ఇంత నాణ్యంగా చేసేవాళ్ళు లేరు."

"అయితే పంపు అని ఎందుకు రాశారు?"

ఆయన బాస్ వైపు చూశాడు. బాస్ నేల వైపు చూశాడు.

"నంబరు వేసే చోటు కూడా గీయలేదు మీరు," అన్నాను. "నాలుగేళ్ళు గీసిన మనిషి అది మరిచిపోరు."

"దున్న మీదికొచ్చినప్పుడు మీరు అక్కడ లేరు," అన్నాడు. మొదటిసారి ఆ గొంతులో చిరాకు తెలిసింది.

"లేను. కాని మీరు వెళ్ళేదాకా ఆ దున్న గడ్డి మేస్తూ ఉంది కదా."

ఆయన లేచి నిలబడ్డాడు. డ్రాయింగులు తిరిగిచ్చెయ్యమని బాస్‌ని అడిగాడు. నేను ఇవ్వలేదు. ఆ కాగితాలు చేతిలో పెట్టుకుని, బాస్‌తో అప్పుడే చెప్పాను.

"నేను ఇవాళే పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను. మీకు చెప్పకుండా వెళ్ళడం ఇష్టం లేక చెప్తున్నాను. మీరూ వస్తే మీకే మంచిది."

"వెళ్ళు. రేపటి నుంచి రావద్దు," అన్నాడు బాస్.

గది బయటికి వచ్చేసరికి అంకుల్ మెషీను పక్కన నిలబడి ఉన్నాడు. సన్నని గోడలు, అంతా విన్నాడు.

"నా పేరు చెప్తావా?"

"నేనుగా చెప్పను. అడిగితే అబద్ధం ఆడను. మీరే ముందు వచ్చి చెప్పండి అంకుల్. ముక్క చేసింది మీరు, దాచింది మీరు కాదు."

"నీకు పోతే మీ ఊరు ఉంది. నాకు ఇదే ఊరు," అన్నాడు. నేను వెళ్ళి నా బ్యాగు తీసుకున్నాను.

లిఫ్టు దగ్గర నిలబడ్డ కాసేపటికి మెషీను ఆగిన చప్పుడు వినిపించింది. ఆ తరవాత నీళ్ళ చప్పుడు. అంకుల్ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చాడు. బస్సులో నాకు రెండు సీట్లు వెనక కూర్చున్నాడు.

పోలీసు సెంటర్‌లో మొదట మాట విన్న కుర్రవాడికి అర్థం కాలేదు. డ్రాయింగు చూపించి, తూటా కూర్చునే చోటు వేలితో చూపించాక లోపలికి వెళ్ళి ఇద్దరిని పిలుచుకొచ్చాడు. ఇద్దరినీ వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టారు. అడిగిందే నాలుగుసార్లు అడిగారు. తుపాకుల గురించి మీకెలా తెలుసు అన్న ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగారు. నాన్న ఉద్యోగం, ఊరు, అన్నీ రాసుకున్నారు. నేను తప్పు చేసినదానిలా తడబడకుండా అన్నిటికీ జవాబు చెప్పాను. చీకటి పడేలోగా నన్ను పంపించారు. అంకుల్‌ని ఇంకా ఉంచారు.

ఆ కేసు గురించి నాకు తెలిసింది కొంచెమే. ఇంకో రెండు షాపుల్లో మిగతా ముక్కలు దొరికాయి. ఆ మెల్లని గొంతు మనిషి మీద కేసు పెట్టారు. బాస్ తనకి తెలీదన్నాడు. అది సగం నిజం, ఆ సగమే చెల్లింది. షాపు కొన్ని వారాలు మూతపడి మళ్ళీ తెరుచుకుంది. అంకుల్‌ని చాలాసార్లు పిలిచి, చివరికి గట్టి హెచ్చరికతో వదిలేశారు. తనంతట తను వచ్చి చెప్పాడు కాబట్టే వదిలామని ఆయనతోనే అన్నారట. కాని షాపులోకి ఆయన్ని మళ్ళీ రానివ్వలేదు.

నాకు ఆ నెలలో నాలుగు ఇంటర్వ్యూలు. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అందరూ అడిగారు. కంపెనీలో మార్పులు జరిగాయని చెప్పమని మా ఆయన బతిమాలాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మొదటి చోట మాట మార్చేశారు. రెండో చోట, కస్టమర్ల విషయాలు బయటపెట్టే మనిషి మాకు కుదరదని ముఖం మీదే అన్నారు. మూడో చోటి నుంచి జవాబే రాలేదు. మా ఆయన ఇంటర్వ్యూ కూడా పోయింది. అమ్మాయి స్కూల్లో ఏం చెప్పాలో ఆలోచిస్తూ మేమిద్దరం అట్టపెట్టెలు కూడా తెచ్చి పెట్టుకున్నాం.

"ఈసారైనా చెప్పకే," అన్నాడు నాలుగోదానికి వెళ్తుంటే.

"చెప్తాను," అన్నాను.

అది చోవా చూ కాంగ్ దాటాక ఉన్న ఒక కంపెనీ. ఎముకల ఆపరేషన్లకి పనిముట్లు చేస్తారు. అక్కడి పెద్దావిడ అంతా విని, నా చేతికి ఒక ముక్కా మైక్రోమీటరూ ఇచ్చి కొలవమంది. కొలిచాను. తను కొలిచింది. లెక్క కుదిరింది. "సోమవారం వస్తారా?" అంది. అంతే. తుపాకి గురించి మంచీ చెడూ ఒక్క మాట అనలేదు. ఆరు నెలలకి మా ఆయనకీ ఉద్యోగం దొరికింది.

అంకుల్ ఇప్పుడు తన కొడుకు దగ్గర బిషాన్‌లో ఉంటున్నాడు. ఏడాది దాకా నా ఫోను ఎత్తలేదు. తరవాత ఒక ఆదివారం ఆయనే చేసి, వాళ్ళ బ్లాకు దగ్గర హాకర్ సెంటర్‌కి రమ్మన్నాడు. ఇంకెవరూ కూర్చోకుండా టిష్యూ ప్యాకెట్టు పెట్టి, టేబుల్ చోప్ చేసి కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ టీ, పరోటా తెప్పించాడు. నా కొత్త మెషీన్ల గురించి ఒక్కోటి అడిగాడు. స్పిండిల్ వేగం ఎంతన్నాడు, చల్లబరిచే నూనె ఏదన్నాడు. ఆ కళ్ళల్లో ఆశ చూడలేక నేను పరోటా వైపు చూస్తూ జవాబులు చెప్పాను.

"నలభై ఏండ్లు మెషీను ముందర నిలబడినాను," అన్నాడు చివరికి. "ఒక పార్టీ లేదు, ఒక బై బై లేదు. నీ వల్లే."

"నా వల్లే అంకుల్."

"సారీ చెప్పవా?"

"చెప్పను."

నేను కళ్ళు దించుకోలేదు. ఆ బాధ ఆయనది, అందులో నా భాగం ఉంది. అది నేను కాదనను. కాని సారీ అంటే మళ్ళీ అలాంటి రోజు వస్తే ఆ కాగితాలు బాస్‌కి తిరిగిచ్చేస్తానని అర్థం. ఇవ్వను.

"మా అమ్మమ్మ కూడా ఇట్లే," అన్నాడు. "మొండిముండ." ఆ మాట నిఖార్సైన శ్రీకాకుళం యాసలో అన్నాడు. తన పళ్ళెంలో మిగిలిన కూర నా పరోటా మీద పోసి, చల్లారకముందే తినమన్నాడు.